చూచిన కథ – చదివిన కథ

గడచిన వేసవి సెలవులకు కొలది దినములు ముందు మన పాఠశాల గ్రంథాలయమున జరిగిన చిన్న ముచ్చటతో ఈ వ్యాసము నారంభించెదను. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ‘ది లైట్నింగ్ థీఫ్’ అను ఆంగ్లనవలను తిరిగి తెచ్చి బల్లపై నుంచెను. గ్రీకు పురాణములలోని దేవతలును, భూతములును నేటి అమెరికా దేశమున సంచరించుచున్నట్లు కల్పించి రిక్ రియోర్డన్ అను రచయిత 2005లో ప్రకటించిన గ్రంథమది. ‘పెర్సీ జాక్సన్’ కథలలో మొదటిది. వాడు దానిని తీసికొనిపోయి రెండు దినములైనను కాలేదు.

“అప్పుడే చదివేశావా?” అని యడిగితిని.

“లేదండి మాస్టారు. మా పిన్నిగారింట్లో దాని సీరియలు చూశాను. కథంతా తెలిసిపోయింది కదండీ, ఇంకెందుకని...”

ఇంకెందుకు? ఈ ప్రశ్నకు వెంటనే యుత్తరము చెప్పలేకపోయితిని. చూచుట వేఱు, చదువుట వేఱు అని పెద్దలు చెప్పు మాట నాకును తెలియును. కాని ఆ మాట విని పుస్తకము తెఱచిన బాలుని నేనింతవఱకు చూడలేదు. అదియునుగాక, టెలివిజనును నిందించుటకు నాకు నోరు రాదు. ఏలయన, ఒక గొప్ప నవలయొద్దకు నేను టెలివిజన్ త్రోవనే నడచి వచ్చినవాడను. ఆ త్రోవ నన్నెంతవఱకు తీసికొనివచ్చెనో, ఎచ్చట తప్పుదారి పట్టించెనో తలచుకొనినప్పుడు ఈ విషయమునుగూర్చి నా యభిప్రాయము కొంత స్పష్టమైనది. దానిని మన సంచిక చదువరుల యెదుట నుంచుచున్నాను.

అద్భుతనవలను ధారావాహికగా తీయువాడు ఒకే తెర యెదుట ఇద్దరు వేర్వేరు మనుష్యులను కూర్చుండబెట్టుచున్నాడు. ఒకడు చదువరి. వాడు ఆ కోటను, ఆ యడవిని, ఆ భూతమును ఇదివఱకే తన మనస్సులో కట్టుకొనియున్నాడు. తెరపై వచ్చు ప్రతి బొమ్మను తన బొమ్మతో సరిచూచుకొనుచుండును. రెండవవాడు క్రొత్తవాడు. ఆ లోకమునకు రాజెవ్వరో, అచ్చట ఏది చేయదగునో, ఏది చేయరాదో వానికి తెలియదు; అన్నియు చెప్పవలయును. చెప్పినచో మొదటివానికి విసుగు. చెప్పకున్నచో రెండవవానికి అయోమయము. సాంఘిక నవలకు ఈ బాధ యింతగా లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని తెరకెక్కించువారు పొలమన నేమో, పాలేరన నెవ్వరో ప్రేక్షకునకు వివరింప నక్కఱలేదు. అద్భుతనవలయందు నేల మొదలుకొని ఆకాశము వఱకు సమస్తమును ఒక మనుష్యుడు కూర్చుండి కల్పించినదే. అందుచేత అందులో నేది మార్చినను పునాది కదలునేమో యను భయము గలదు.

మన పూర్వులకు ఈ చిక్కు లేకుండెను. తోలుబొమ్మలాట చూడవచ్చిన రైతునకు హనుమంతు డెవ్వరో చెప్పవలసిన పని లేదు. హరికథ వినవచ్చిన ముసలమ్మకు సీతాపహరణము జరుగునని ముందే తెలియును. తెలిసియే కన్నీరు పెట్టుకొనును. 1987లో రామానంద్ సాగర్ గారి రామాయణము దూరదర్శన్‌లో వచ్చినప్పుడు దేశమంతయు నాదివార ముదయమున కదలక కూర్చున్నది గదా. ఆ కూర్చున్న కోట్ల మందిలో కథ తెలియనివా రెందఱు? అందఱును చదువరులే, లేదా వినినవారే. నవల సంగతి యట్టిది కాదు. దానిని ఒక్కొక్కరే యేకాంతమున చదివిరి. ఒకరి మనస్సులోని బొమ్మ మఱియొకరికి తెలియదు. ఆ యేకాంతములోనికి కెమెరా ప్రవేశించినప్పుడే ఈ తగవంతయు పుట్టినది.

ఇక నా కథకు వచ్చెదను. హిందీ భాషలో దేవకీనందన్ ఖత్రీ యను నాయన 1888లో ‘చంద్రకాంత’ యను నవలను ప్రకటించెను. ఆయన 1861లో జనించి, కాశీలో నివసించి, ఆ ప్రాంతపు టడవులలో గుత్తలు పట్టి, శిథిలమైన కోటలమధ్య చాలకాలము తిరిగినవాడు. ఆ కోటలే ఆయన నవలకు రంగస్థలము లయ్యెను. విజయగఢ్ రాజకుమారి చంద్రకాంత, నౌగఢ్ రాజకుమారుడు వీరేంద్రసింహుడు, వారి ప్రేమకు విఘ్నము కలిగించు మంత్రిపుత్రుడు క్రూరసింహుడు, చునార్‌గఢ్ రాజు శివదత్తుడు – కథ యింతే. కాని ఆ కథను నడపువారు రాజులు కారు, ఐయార్లు. ఐయార్ అనగా వేషము మార్చుటలో, గొంతు మార్చుటలో, మందుపొడి వాసన చూపి మూర్ఛపుచ్చుటలో, మఱియొక మందు వాసన చూపి తెలివి తెప్పించుటలో నేర్పరియైన చారుడు. ఈ పుస్తకమును చదువుటకై దేవనాగరి లిపి నేర్చుకొనినవారు వేలకొలది యని హిందీ సాహిత్యచరిత్రలలో తఱచుగా చెప్పుదురు. ఒక భాష యొక్క పాఠకలోకమునే పెంచిన నవల యన్నమాట!

1994లో ఈ నవల నాధారము చేసికొని నీర్జా గులేరీ యనునామె తీసిన ధారావాహిక దూరదర్శన్‌లో ప్రసారము కాజొచ్చెను. నేనప్పుడు చిన్నవాడను. మా వీధిలో రెండిండ్లలో మాత్రమే టెలివిజన్ పెట్టె యుండెను. ఆదివారము ఉదయమున పలహారము సగములో విడిచి పరుగెత్తెడివారము. మాకు హిందీ రాదు. అయినను కోటగోడలు, గుఱ్ఱములు, కత్తులు, కనుబొమలు పైకి దువ్వుకొని “యక్కూ!” అని యరచు క్రూరసింహుడు – ఇవి యర్థమగుటకు భాష యేల? అఖిలేంద్ర మిశ్రా యను నటుడు ధరించిన ఆ వేషమును నేటికిని మఱవలేను. ఆ హిందీ మాటలేమో తెలిసికొనవలెనను కోరికయే నన్ను హిందీ తరగతికి నడిపించెననిన అతిశయోక్తి కాదు. అటుపిమ్మట అదియే నా యుపాధి యైనది. దేవనాగరి నేర్పిన పుస్తకము మా యూరికి టెలివిజన్ రూపమున వచ్చి, ఆ లిపినే నాకును నేర్పినది.

కొన్ని సంవత్సరములకు, హిందీ పరీక్షలకు చదువుకొను దినములలో, ఆ నవల నా చేతికి వచ్చెను. ఎంతో యాశతో తెఱచితిని. నలువది పుటలు చదివి మూసివేసితిని. కారణమేమనగా, నేను వెదకిన మంత్రములు అందులో లేవు. తెరమీద చూచిన మాయలు, శక్తులు, వెలుగులు చిమ్ము మణులు – వీనిలో నొక్కటియు గానరాలేదు. మఱల నొకమారు తెఱచి మఱల మూసితిని. మూడవసారి గాని నాకు సంగతి బోధపడలేదు. ఖత్రీ నవలలో మంత్రము లేకపోవుటయే విశేషము! అందు తిలిస్మ్ అను మాయాస్థలము గలదు. మనుష్యులను మ్రింగు రాతికొంగ గలదు. తమంత తెఱచుకొను ద్వారములు గలవు. కాని యవి యన్నియు పూర్వకాలపు శిల్పులును, వైద్యులును, యంత్రకారులును ధనరక్షణకై కట్టినవి. కథ ముగియునప్పటికి ప్రతి వింతకును ఏదో మీట, ఏదో మందు, ఏదో సొరంగము కారణముగా బయటపడును. ఐయార్ల బలమును చేతినేర్పే. వారికొక ధర్మము కూడ గలదు: శత్రువు పక్షపు ఐయార్ పట్టుబడినచో చెఱలో నుంచవలయునే గాని చంపరాదు. రెండు రాజ్యముల సేనలు పోరి వేలమంది చచ్చుటకంటె ఇద్దఱు నేర్పరులు బుద్ధితో పోరి తగవు తీర్చుట మేలని రచయిత తలచెను. ఇదియే ఆ లోకపు నియమము. ఈ నియమము తెలిసిన పిమ్మట ఆ నవలను మూడు రాత్రులలో ముగించితిని.

ధారావాహిక తీసినవారు పాత్రలను పెంచిరి, క్రొత్త రాజ్యములను కల్పించిరి, కథను నవలకు సంబంధములేని దూరములకు కొనిపోయిరి. వీనిని నేను తప్పు పట్టను. వారము వారము నడుపవలసిన కథకు చిన్ననవల చాలదు. క్రూరసింహుడు నవలలోకంటె తెరమీదనే బాగున్నాడని యొప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. బద్రీనాథ్ వేషమున ఇర్ఫాన్ ఖాన్ వంటి నటుని చూచిన కన్నులు ధన్యములు. కాని మనుష్యుని చేతినేర్పు ఉండవలసినచోట మంత్రశక్తి నుంచిరి. అచ్చట మాత్రము పునాది కదలినది. మంత్రముచే నేదైన జరుగవచ్చును. ఏదైన జరుగగల చోట ‘ఇప్పుడెట్లు తప్పించుకొనును?’ అను ప్రశ్నకు తావెక్కడిది? చదువరి కోపించినది కథ మారినందుకని చాలమంది యనుకొందురు. నిజమునకు వాడు కోపించినది నియమము మారినందుకు. నా వంటి క్రొత్తవాడు సంతోషించెను గాని, వాడును నష్టపడెను. ఆ నష్టము నలువది పుటల దగ్గఱ బయటపడినది. 2017లో రెండు ఛానెళ్లు ఒకే సంవత్సరమున ‘చంద్రకాంత’ను మఱల తీసినవి. వానిని గూర్చి యెక్కువ వ్రాయను. నాకు రెండు వారములకు మించి యోపిక చాలలేదు.

ఈ నియమమను మాటను మఱికొన్ని కథలతో పరీక్షించి చూచెదము. మన విద్యార్థులకు సి. యస్. లూయిస్ పేరు తెలియును. మన గ్రంథాలయమున ఆయన మతవిషయక గ్రంథములును, పిల్లలకై వ్రాసిన ఏడు నార్నియా కథలును గలవు. వానిలో మొదటిది 1950లో వెలువడినది. లూయిస్ తన కథలను టెలివిజనులో చూపుట కేమాత్రము నిష్టపడలేదు. మాటలాడు జంతువులు చదువునప్పుడు గంభీరముగా నుండును గాని, కంటి యెదుటికి వచ్చినచో నవ్వులాటగనో పీడకలగనో మారునని ఆయన 1959లో ఒక లేఖలో వ్రాసెను. ఆయన 1963లో మరణించెను. 1967లో ఆంగ్లదేశపు వాణిజ్య టెలివిజనులో ఆ కథ పది భాగములుగా వచ్చెను. 1988లో బి.బి.సి. వారు మఱల తీసిరి.

ఈ బి.బి.సి. చిత్రమును మూడేండ్ల క్రిందట క్రిస్మసు సెలవులకు ముందు దినమున మన విద్యార్థులకు చూపితిమి. లూయిస్ భయము సగము నిజమే యని మొదటి యరగంటలోనే తేలినది. నీటికుక్కలను పోలిన బీవరు దంపతులు నిజముగా మెత్తదిండ్లు కట్టుకొనిన మనుష్యులు. వారు నడచుచుండగా వెనుక బెంచీలలో నవ్వులు పుట్టినవి. ఆస్లాన్ అను సింహము పెద్ద తోలుబొమ్మ వంటిది. లోపల ఇద్దఱు మనుష్యులుండి దానిని నడిపించిరి. నోటి కదలికకును మాటకును పొత్తు కుదరదు. నేటి చిత్రములకు అలవాటుపడిన పిల్లలు నవ్వక యేమి చేయుదురు?

కాని రాతిబల్ల ఘట్టము వచ్చినప్పుడు గదిలో నిశ్శబ్దమైనది. ఎడ్మండు అను బాలుడు మిఠాయి కాశపడి తోడబుట్టినవారిని మంత్రగత్తెకు అప్పగించినాడు. ద్రోహి ప్రాణము మంత్రగత్తెకు చెందునని ఆ లోకపు పురాతన శాసనము. ఆ శాసనమును సృష్టించిన ప్రభువు కుమారుడైనను సింహము దానిని త్రోసివేయడు. త్రోసివేసినచో ఆ లోకమే నిలువదు. ద్రోహికి బదులుగా తన ప్రాణము నిచ్చును. అంతకంటె పురాతనమైన శాసనము వేఱొకటి గలదనియు, నిర్దోషి తనంత తానుగా బలియైనచో మృత్యువే వెనుకకు మరలుననియు మంత్రగత్తె యెఱుగదు. తోలుబొమ్మను కట్టివేసి దాని జూలు కత్తిరించుచుండగా ఏ బాలుడును నవ్వలేదు. బీవరును చూచి నవ్వినవారే, అప్పుడు ముందునకు వంగి కూర్చుండిరి. ధనము చాలకపోయినను, యంత్రములు చాలకపోయినను, ఆ చిత్రమును తీసినవారు శాసనమును చెడగొట్టలేదు. మఱియొక సంగతి గమనించితిని. పుస్తకము చదివిన ఆఱేడుగురు పిల్లలు ప్రక్కవారికి మెల్లగా చెప్పుచుండిరి: “ఇప్పుడేమీ అనకు, ఉండు, చూడు.” కథ బయటపెట్టలేదు, కనిపెట్టి యుండుమని మాత్రమే చెప్పిరి. చదువరికిని క్రొత్తవానికిని వైరమే యుండనక్కఱలేదని నాకానాడు తోచినది.

దీనికి సరిగా వ్యతిరేకమైన యుదాహరణము అర్సులా లె గ్విన్ అను అమెరికా రచయిత్రి కథలకు పట్టిన గతి. ఆమె 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ యను నవలను ప్రకటించెను. ద్వీపములతో నిండిన లోకమది. అచ్చట ప్రతి వస్తువునకును, ప్రతి ప్రాణికిని ఒక నిజనామము గలదు; అది తెలిసినవానికి దానిపై నధికారము కలుగును. కావున మనుష్యులు వాడుకపేరుతో తిరుగుదురు. నిజనామమును ప్రాణమిత్రునకు తప్ప చెప్పరు. మన యిండ్లలోను పిలుపుపేరొకటి, నక్షత్రమునుబట్టి పెట్టిన పేరొకటి యుండుట గలదు గనుక ఈ భావము మన పిల్లలకు వింతగా తోచదు. కథానాయకుని నిజనామము గెడ్. లోకులు పిలుచు పేరు స్పారోహాక్, అనగా ఒక జాతి డేగ. మిత్రుడొకడు గెడ్‌నకు తన నిజనామమును చెప్పు ఘట్టము ఆ నవలలో నెంతో గొప్పది. అంతకు మించిన కానుక ఆ లోకమునందు లేదు.

2004 డిసెంబరులో అమెరికాలోని సై-ఫై ఛానెలువారు ఈ కథను రెండు భాగముల చిత్రముగా ప్రసారము చేసిరి. ఆ చిత్రమున నీ రెండు పేర్లు తాఱుమాఱైనవి! లోకమంతయు వానిని గెడ్ అని పిలుచుచుండును; స్పారోహాక్ అనునది రహస్యనామమట. క్రొత్త ప్రేక్షకునకు ఇందేమియు లోపము కనబడదు; రెండును వానికి వినని పేర్లే. చదువరికి మాత్రము, కన్యాదానపు మంత్రమును కర్మాంతరమున చదివినట్లుండును. ఇంతకంటె పెద్ద యన్యాయము మఱియొకటి జరిగినది. లె గ్విన్ తన లోకములోని జనులలో నత్యధికులను గోధుమ, రాగి, నలుపు వర్ణములవారినిగా వ్రాసెను; గెడ్ రాగివర్ణపువాడు. అద్భుతకథలలోని వీరులందఱు తెల్లవారే కావలయునను నలవాటును ఆమె బుద్ధిపూర్వకముగా కాదనినది. చిత్రమున కథానాయకునితోపాటు ఇంచుమించుగా నందఱును తెల్లవారైరి. ఆమె ఆ నెలలోనే పత్రికాముఖమున తన యసమ్మతిని వెల్లడించెను. నల్లని బాలురు కొందఱు తమవంటి వీరుని మొదటిసారిగా నీ పుస్తకములోనే చూచుకొనిరని ఆమె యెఱుగును. వారినుండి ఆ వీరుని తీసికొనిపోవుట కథలో నొక చిన్నమార్పు కాదు. మన తరగతిగదిలో కూర్చుండు పిల్లల వర్ణమును చూచినచో ఈ మాట నేనెందుకు వ్రాయుచున్నానో యెవ్వరికైనను తెలియును.

అట్లని రచయిత చేతికే యధికార మిచ్చినచో సర్వము చక్కబడునా? మొదట చెప్పిన పెర్సీ జాక్సన్ కథయే దీనికి జవాబు. 2010లో దానిని చలనచిత్రముగా తీసినప్పుడు పండ్రెండేండ్ల బాలుని యౌవనవంతునిగా మార్చిరి, రచయితకది నచ్చలేదు. 2023 డిసెంబరున డిస్నీ ప్లస్‌లో ప్రారంభమైన ధారావాహికకు రియోర్డన్ తానే నిర్మాతలలో నొకడుగా నుండెను. బాలుడు బాలుడుగనే యుండెను. చదువరులు సంతోషించిరి. కాని యొక ఘట్టమును చూడుడు. నవలలో ఆకలిగొనిన ముగ్గురు పిల్లలు రాతిబొమ్మల దుకాణమునకు చేరుదురు. ముసుగు ధరించిన స్త్రీ యొకతె వారికి కడుపునిండ పెట్టును. బొమ్మల ముఖములలో భయము కనబడుచుండును. చదువుచున్న మనకు అనుమానము. పెర్సీకి మాత్రము నిద్రమత్తు. చూచినవారిని రాయి చేయు మెడూసా యామెయే యని వానికి తెలియునప్పటికి మన గుండె గొంతులోనికి వచ్చును. ధారావాహికలో పిల్లలు ఆమె యెవ్వరో గుమ్మము దాటకమునుపే కనిపెట్టివేయుదురు.

ఇట్లేల చేసిరి? నేననుకొనునది యిది: లక్షలమంది చదువరులకు ఈ సంగతి ముందే తెలియును, తెలిసిన దానిని దాచుట హాస్యాస్పదమని తలచి, పాత్రలకును ముందే తెలియజేసిరి. అనగా చదువరికి మర్యాద చేయబోయి క్రొత్తవాని పాలు లాగుకొనిరి. చదువరికి కూడ మేలు కాలేదు. హరికథ వినవచ్చిన ముసలమ్మ సంగతి తలచుకొనుడు. సీతను రావణుడు ఎత్తుకొనిపోవునని ఆమెకు తెలియును. అంతమాత్రమున సీతకు కూడ తెలిసినట్లు కథకుడు చెప్పునా? బైరాగి వేషమున వచ్చినవానికి సీత భిక్ష పెట్టబోవుచుండగా, ‘వద్దమ్మా’ యని లోలోపల గొణుగుకొనుటయే ఆ ముసలమ్మ యానందము. తెలిసినవాని సుఖము తెలియనివాని యెదురుగనే యుండవలయును.

చదువరికిని క్రొత్తవానికిని గల యీ సంబంధము మిక్కిలి వింతగా తిరుగబడిన కథ యొకటి గలదు. జార్జి ఆర్. ఆర్. మార్టిన్ నవలల ననుసరించి 2011 మొదలు 2019 వఱకు ఎనిమిది సంవత్సరములలో 73 భాగములుగా వచ్చిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనునది. అది పిల్లలు చూడదగినది కాదు. ఈ సంచికలో దాని పేరెత్తుటకే కొంత జంకితిని. అయినను మన వాదమునకు కావలసినంత మాత్రము చెప్పెదను. 2000లో వెలువడిన మూడవ నవలలో ఒక వివాహవిందున జరిగిన దారుణవధ గలదు. 2013లో ఆ ఘట్టము తెరపైకి వచ్చువఱకు చదువరులు నోరు మెదపక కాచుకొనియుండిరి. క్రొత్తవారు అదరిపడుటను చూచి, ఛాయాచిత్రములు కూడ తీసిరి. ఆనాడు చదువరులదే పైచేయి. రచయిత ఆఱవ నవలను ముగింపకమునుపే 2016లో ధారావాహిక పుస్తకములను దాటిపోయెను. ఇరువదేండ్లుగా చదివినవాడును, నిన్న చూడ మొదలిడినవాడును ఒక్క రాత్రిలో సమానులైరి. అప్పటినుండియే కథనము పలుచబడినదని చాలమంది చెప్పుదురు. నాకును అట్లే తోచినది. తొలుత ఒక ప్రయాణమునకు నెలలు పట్టెడి లోకమున, తుదిభాగములలో మనుష్యులు రెక్కలు వచ్చినట్లు దేశముల దాటసాగిరి. దూరమును ఒక నియమమే గదా.

ఇంతవఱకు చదివినవారు, ‘పుస్తకమే మేలని పంతులు ముందే తేల్చుకొని వ్రాయుచున్నాడు’ అనుకొనవచ్చును. అట్లు కాదు. తెలుగు మాటలాడు ఇంటిలో పుట్టిన పిల్లవానికి ఆంగ్లనవల యొక గోడ. మొదటి పుటలోనే ఇరువది తెలియని మాటలు. నిఘంటువు తెఱచునప్పటికి కథ చల్లారిపోవును. అట్టివానికి కథ ముందుగా తెలిసియుండుట గొప్ప యూత. ఎవ్వరు మాటలాడుచున్నారో, ఎచ్చట నున్నారో తెలిసినచో తెలియని మాట తనంత తానే యర్థము చెప్పుకొనును. నేను హిందీ నేర్చిన తీరదియే. మన పాఠశాలలో నార్నియా చిత్రమును చూపిన పిమ్మట పుస్తకము తీసికొనిపోయిన పిల్లలలో ఆంగ్లమున వెనుకబడినవారే యెక్కువమంది. ముందువరుసవారు సెలవులకు పోయిరి. గనుక టెలివిజన్ తలుపును మూయవలెనని నేననను. ఆ తలుపునకు ఆవల నిజముగా ఆ పుస్తకమే యుండవలెనని మాత్రము కోరుచున్నాను. మంత్రములు వెదకి వచ్చినవానికి యంత్రములు దొరకినచో, నాకు వలెనే నలువది పుటలకు మూసివేయును. నాకు మూడవసారి తెఱచుటకు పరీక్ష యొకటి యుండెను, అందఱికి నుండదు.

ఈ సంవత్సరము గ్రంథాలయ కాలమున నేనొక చిన్న ప్రయత్నము చేయుచున్నాను. ఏ కథకు చిత్రమున్నదో ఆ పుస్తకపు మొదటి యధ్యాయమును ముందుగా బిగ్గఱగా చదివి వినిపించుట, పిమ్మటనే చూపుట. ఇందువలన ప్రతి పిల్లవాడును కొంతవఱకు చదువరియై తెర యెదుట కూర్చుండును. తనదైన బొమ్మ యొకటి వానికి ముందుగనే యుండును. చూచిన తరువాత ఏమి మార్చిరని యడుగుదును. మొదట ‘జుట్టు రంగు’, ‘బట్టలు’ అని చెప్పుదురు. ఒకటి రెండు నెలలకు, ‘అలా అయితే ఆవిడకి భయపడాల్సిన పనేముందండి?’ అను వఱకు వచ్చుచున్నారు. దీనికై ప్రధానోపాధ్యాయులు వారమున కొక గంట దయతో నిచ్చిరి. నార్నియా రెండు ప్రతులు చినిగినవి, క్రొత్తవి కొనవలయును. ‘చంద్రకాంత’ హిందీ ప్రతి యొకటి నా సొంతము గలదు, కోరినవారికి ఇచ్చెదను.

ఆ తొమ్మిదవ తరగతి బాలుని సంగతి చెప్పుట మఱచితిని. బల్లపైనున్న పుస్తకమును నేను వెంటనే లోపల పెట్టలేదు.

“ఒరే, బొమ్మల కొట్టులో ఆవిడెవరో పిల్లలకి ఎప్పుడు తెలిసిందిరా?” అని యడిగితిని.

“లోపలికి వెళ్లకముందేనండి. ఆ అమ్మాయి చూడగానే చెప్పేసింది.”

“పుస్తకంలో అలా లేదు. వాళ్లు తెలియక లోపలికి వెళ్లి, ఆవిడ పెట్టింది కూర్చుని తింటారు.”

“తింటారా!” అనెను. కొంతసేపు నిలువబడెను. “ఎన్నో పేజీ అండి?” అని యడిగెను. నేను చెప్పలేదు. పుస్తకమును చంక బెట్టుకొని వెడలిపోయెను. సెలవులు గడచి పాఠశాల తెఱచినను అది యింకను గ్రంథాలయమునకు రాలేదు. గడువు దాటి పదునొకండు దినములైనవి. వాని తమ్ముడు చదువుచున్నాడట. జరిమానా సంగతి నేనింకను వారి నాయనగారికి చెప్పలేదు.